తీసేసిన షరతు

పదింటికి మొదలుపెడ్తమన్న సభ పదింబావైనా మొదలుకాలేదు. ముఖ్య అతిథి తార్నాక దగ్గర ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడని మైకుల రెండుసార్లు చెప్పిన్రు. మంచిదే, పద్దెనిమిదేండ్లు ఆగినదాన్ని ఇంకో గంట ఆగలేనా. ఉప్పల్ మెట్రో దిగి నాలుగడుగులేస్తే వచ్చే ఫంక్షన్ హాలు ఇది. ఐదో వరుసల నడిమి దారి పక్క కుర్చీ చూసుకొని కూసున్న, లేచి నిలబడ్డప్పుడు ఎవ్వల మోకాళ్లూ అడ్డం రావద్దని. వేదిక వెనుక ఫ్లెక్సీ మీద భూషణం సారు నవ్వుతున్నడు. డెబ్బై ఏండ్లు నిండిన గణితాచార్యునికి శిష్యుల సత్కారం అని పెద్దక్షరాలు, పక్కన ఆయన చాక్‌పీస్ పట్టుకొని నల్లబల్ల ముందు నిలబడ్డ ఫొటో, బల్ల మీద ఆయన పేరుతోటి నడుస్తున్న సిద్ధాంతం. అండ్ల మొదటి వాక్యం నాది. రెండోదీ నాదే. మూడో వాక్యం ఒకటి ఉండాలె, లేదు, ఆయన తీసేసిండు. ఆ మూడో వాక్యం కోసమే ఇయ్యాల వచ్చిన.

గుమ్మం కాడ రిజిస్టర్ల పేరు రాయమన్నరు. నాచారం అని రాసి పేరు కాడ గీత గీసిన. ఎవ్వరూ పట్టించుకోలే. అప్పుడు నడుం దాకా జడ, నూనె పెట్టిన తల, ఇప్పుడు కత్తిరించిన జుట్టు, సగం తెల్లబడ్డది, కండ్లద్దాలు. ముందు వరుసల అనంతలక్ష్మి గారు, సారు భార్య, నా దిక్కు ఒకసారి చూసి తల తిప్పుకున్నది. ఆమె మీద నాకేం కోపం లేదు. సారు ఇంటికి నోటుబుక్కు పట్టుకపోయినప్పుడల్లా తినందే పోనిచ్చేది కాదు. అన్నం పెట్టిన చెయ్యిని మర్చిపోలేదు కాబట్టే ఇన్నేండ్లు ఆయన ఇంటి మీదికి పోయి లొల్లి చెయ్యలేదేమో, లేకుంటే ఆయన్ను ఇంట్ల గాదు, ఇట్ల నలుగురి ముందల పట్టాలనే అనుకున్ననేమో. రెండోదే నిజం. ఇప్పుడిక్కడ కూసొని నాకు నేనే అబద్ధం చెప్పుకొని ఏం లాభం.

బ్యాగుల రెండున్నయి. ఒకటి పాత నోటుబుక్కు, అట్ట చిరిగితే బ్రౌన్ టేపు వేసిన. రెండోది పదకొండు కాగితాలు, పిన్ను కొట్టినవి. చెయ్యి పెట్టి తడుముకున్న. నాచారంల జూనియర్ కాలేజీల పదిహేడేండ్ల నుంచి లెక్కలు చెప్తున్న. అదే పాఠం, అదే అవకలనం, అదే సమాకలనం, పిల్లలు మారతరు, ఫ్యాన్లు మారతయి. అక్కడ నేను సూర్యకళ మేడాన్ని, గంతే. ఒకప్పుడు అంతులేని దిక్కులున్న బీజగణితాల మీద పని చేసిన్నని స్టాఫ్‌రూముల ఎవ్వలకూ చెప్పలేదు. చెప్తే, మరి పీహెచ్‌డీ ఏమైంది మేడం అని అడుగుతరు.

ఒక్క నాయినకే చెప్పిన. నాయిన పేరు కనకరాజు, నాచారం స్పిన్నింగ్ మిల్లుల బెల్టులు చూసే ఫిట్టరు. నువ్వు చదివేది ఏంది బిడ్డా, నాకర్థమయ్యేటట్టు చెప్పరాదు అని ఒకనాడు అడిగిండు. గుండ్రటి బెల్టు ఉన్నదనుకో నాయినా అన్న. దాని మీది ప్రతి చుక్కా అటో ఇటో జారుతది, ఒకకాడ దగ్గరపడితే ఇంకోకాడ సాగుతది. ఎన్ని తీర్ల జారొచ్చు చెప్పు. నాయిన జర సేపు చూసి, దానికి లెక్కేడిది, ఎన్నైనా తీర్లే, నా పాణం తినేది అదే కదా అన్నడు. అదే నాయినా అంతులేనిది. ఒక జారుడు ముందు జరిపి ఇంకోటి తర్వాత జరుపు, మళ్ల వరుస మార్చి జరుపు. రెండూ ఒకటి గావు. ఆ తేడా ఉన్నది చూడు, అది కూడ ఒక జారుడే. జారుడులన్నీ, వాటి తేడాలన్నీ కలిస్తే ఒక లీ బీజగణితం, లీ అన్నది దాన్ని కనిపెట్టినాయన పేరు. మామూలు వాటికి మూడు దిక్కులో ఎనిమిది దిక్కులో ఉంటయి, దీని దిక్కులకు అంతు లేదు. భౌతికశాస్త్రమోళ్లు బెల్టు బదులు కండ్లకు కనపడనంత సన్నని తీగ అనుకుంటరు, ఈ లోకమంతా ఆ తీగల వణుకే కావచ్చంటరు. జ్యామితి చేసేటోళ్లు వంపు తిరిగిన తలాలు ఎన్ని తీర్ల ఆకారం మారుస్తయో దీనితోటే పట్టుకుంటరు. నాయిన అంతా విని, మరి దీనితోటి నువ్వేం చేస్తున్నవ్ అన్నడు. అసలు ప్రశ్న అదే. భూషణం సారు ఐదేండ్లల్ల ఒక్కనాడు అట్ల సూటిగ అడగలేదు.

నేనేం చేసిన్నంటే నాయినా. ఆ తీగను క్వాంటం లెక్కల్లకు తెచ్చినప్పుడు, వరుస మార్చి తేడా తీస్తే జారుడుతో పాటు ఒట్టి సంఖ్య ఒకటి మిగుల్తది. అది దేన్నీ కదిలించదు, దేనితోటీ కొట్లాడదు. దాన్ని కేంద్ర సంఖ్య అంటం. బెల్టును ఊకె గిర్రున తిప్పితే అది కనపడదు, చిక్కటి వణుకులల్లనే బయటపడ్తది. అసొంటి రెండు వణుకుల కట్టలను కలిపితే ఒక పెద్ద కట్ట వస్తది. అది శుభ్రంగ విడివిడి ముక్కలు ఎప్పుడైతది అన్నది నా ప్రశ్న. నేను పట్టుకున్న కట్టల కుటుంబంల ఎప్పుడూ అయితది, కేంద్ర సంఖ్య నాలుగు విలువల్ల ఒకటి అయితే తప్ప. ఆ నాలుగింటి కాడ నా రుజువు ఆగిపోయేది. ముక్కలు అతుక్కొనే ఉంటయని అనిపించేది గానీ చూపెట్టలేకపోయిన. అందుకే మూడో వాక్యం రాసిన, కేంద్ర సంఖ్య ఈ నాలుగింట్ల ఒకటి కానప్పుడు మాత్రమే అని.

శుక్రవారం శుక్రవారం సారు నోటుబుక్కు చూసి కింద సంతకం, తేదీ వేసేటోడు, బడిపిల్లల హోంవర్కు లెక్క. ఆ శుక్రవారం సంతకం పెట్టినంక పెన్ను మూత పెట్టకుండ ఆ వాక్యం దిక్కే చూసుకుంట కూసున్నడు. ఇది అందంగా లేదమ్మాయ్ అన్నడు. షరతులున్న సిద్ధాంతాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఏడు నెలలకు లైబ్రరీల కొత్త పత్రిక తిరగేస్తుంటే నా సిద్ధాంతం అచ్చయి ఉన్నది. ఆయన ఒక్కని పేరే. మూడో వాక్యం లేదు. ఆ నాలుగు విలువల కాడ పక్క విలువల నుంచి దగ్గరికి జరుపుకుంట పోయి అవధి తీసుకుంటే సరిపోతుందని ఒక్క లైనుల తేల్చేసిండు. చివర్ల కృతజ్ఞతలల్ల, చర్చలకు ఎస్. కళకు ధన్యవాదాలు. పేరు కూడ సగమే.

అడిగిన. ఆయన గదిల నిలబడే అడిగిన, కూసోమనలేదు. నీ పేరు వేశాను కదమ్మా అన్నడు. దిశ చూపించింది నేనే కదా, లెక్కలు ఎవరైనా చేస్తారు అన్నడు. అచ్చయిన దాన్ని మళ్ళీ థీసిస్‌లో పెట్టకూడదు, కొత్త సమస్య తీసుకో, రెండు మూడేళ్లలో అయిపోతుంది అన్నడు. ఆ ఏడాదే మిల్లు మూసిన్రు, నాయిన ఊపిరితిత్తుల నిండ దూది దుమ్ము. పొద్దుగాల ఈఎస్ఐ దవాఖాన, మధ్యాహ్నం యూనివర్సిటీ, రెండిట్ల ఒకటే పట్టుకోగలిగిన. నాయిన పోయినంక మళ్ల ఆ మెట్లెక్కలేదు. సారు మాత్రం ఎక్కిండు. ఆ ఒక్క సిద్ధాంతంతోటి ఎన్ని దేశాలు తిరిగిండో ఫ్లెక్సీ కింద చిన్నక్షరాల్ల రాసిన్రు, చదివిన, పదకొండు.

కండ్లు మూసుకుంటే అప్పటి సెమినార్ గది వస్తది. బయటి నుంచి వచ్చిన ఒకాయన లేచి, మూడో లైనుల గుర్తు తప్పున్నది కదా అన్నడు. ఆ లైను సారు తన చేతితోటి రాసుకున్నది. సారు తిరిగి చూడను కూడ లేదు. మా అమ్మాయి రాసింది, కొత్తది, చూసుకోలేదు అన్నడు. నేను వెనుక బెంచీల కూసున్న. అందరూ నా దిక్కు చూసిన్రు. అప్పుడు సిగ్గుపడ్డ. తర్వాత తర్వాత, నాచారం నుంచి మల్లాపూర్ దాకా నడుచుకుంట, ఖాళీ పీరియడ్ల పరీక్ష పేపర్లు దిద్దుకుంట, అదే ఘడియను మళ్ల మళ్ల తలుచుకున్న. ఆ మనిషికి మెప్పొస్తే ఆయనది, తప్పొస్తే శిష్యులది. నన్ను ముంచిన ఆ గుణమే నాకు దారి చూపెట్టింది. సిద్ధాంతం నాది అని పోయి అడిగితే జన్మల ఒప్పుకోడు. అది తప్పని చూపెడితే తానే నా చేతుల పెడ్తడు, నలుగురి ముందల, మైకు పట్టుకొని.

దానికి తప్పు కావాలె. షరతు అవసరమని నాకెరుకే, కానీ ఎరుక చాలదు, ఉదాహరణ చూపెట్టాలె. ఆ నాలుగు విలువల్ల ఒకటి మైనస్ రెండు. అక్కడ రెండు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకొని విడిపోవని చేతితోటి లెక్కగట్టి చూపెట్టాలె. ఆరేండ్లు పట్టింది. స్టాఫ్‌రూముల, మెట్రోల, ఇన్విజిలేషన్ డ్యూటీల. తేలిన రోజు లెక్క ఆఖరి లైను కింద తేదీ వేసి పెన్ను మూత పెట్టి గట్టిగ నవ్విన, పక్కన ఇంగ్లిష్ లెక్చరర్ ఏమైంది మేడం అన్నది. పత్రికకు పంపితే మూడు నెలల్ల అచ్చయ్యేది. పంపలేదు. పంపితే ఆయన ఇంట్ల కూసొని, ఫ్యాన్ కింద, ఒక్కడే చదువుకుంటడు. నాకు ఆయన ముఖం కావాలె, జనం నడుమ. ఆ సందు కోసం నాలుగేండ్లు చూసిన.

"మేడం, బ్యాడ్జి పెట్టుకోలేదు మీరు," అన్నది పక్కన ఒక పిల్ల. ఇరువై ఆరో ఇరువై ఏడో ఉంటయి, చేతుల బ్యాడ్జిల డబ్బా, మెడల వాలంటీరు కార్డు, స్నిగ్ధ అని ఉన్నది. పొద్దటి నుంచి నిలబడే ఉందట, కాళ్లు గుంజుతున్నయని పక్క కుర్చీల కూలబడ్డది. సైనిక్‌పురిల ఉంటదట, వాళ్ల నాన్న డిఫెన్స్ ల్యాబుల చేసి రిటైరయ్యిండట. సారు రిటైరైనా గౌరవ ఆచార్యుడుగ ఉన్నడు కదా, ఆయన ఆఖరి శిష్యురాలు తనేనట. నేనేం అడగకముందే అన్నీ చెప్పింది. మీరూ సార్ స్టూడెంటా మేడం అంటే, ఒకప్పుడు అన్న. థీసిస్ వచ్చే నెల ఇస్తదట. సంతోషంగనే చెప్తున్నది, గోళ్లు మాత్రం మొదలంటా కొరికి ఉన్నయి.

థీసిస్‌ల ఏముందని ఊకె అడిగిన. అడగకుంటే ఎంత బాగుండు.

"నాలుగో చాప్టరే మెయిన్ మేడం. మొత్తం సార్ సిద్ధాంతం మీదే. కేంద్ర సంఖ్య ఏదైనా పర్వాలేదు కదా, అందుకని మైనస్ రెండు తీసుకున్నా. అక్కడ లెక్కలు తేలిక."

ఏసీ చప్పుడు ఒక్కసారి పెద్దగయినట్టనిపించింది. ఎన్నేండ్లయింది ఇది మొదలుపెట్టి అన్న. మూడేళ్లు మేడం, రెండేళ్ల నుంచి ఇదొక్కటే అన్నది. నాలుగేండ్ల కిందట ఆ పదకొండు కాగితాలు నేను పోస్టు చేసి ఉంటే ఈ పిల్ల ఆ బాటనే పట్టకపోవు. ఈమె గోళ్లు కొరికిన రెండేండ్లూ నా బ్యాగుల ఉన్నయి, పిన్ను కొట్టి. ఇప్పుడన్న చెప్పొచ్చు. బిడ్డా, నీ నాలుగో చాప్టరు నిలవదు, పా బయటికి పోదం, చూపెడ్త. చెప్తే ఏం చేస్తది, లేచి సీదా సారు కాడికి ఉరుకుతది. సారు అప్రమత్తమైతడు, ప్రశ్నలకు టైం లేదంటడు, సభ పూలదండలతోటే అయిపోతది. మళ్ల ఇసొంటి గంట నాకు రాదు, ఆయనకు డెబ్బై. ఈమెకు ఇరువై ఆరే, దిద్దుకుంటది, మస్తు టైమున్నది. ఆ మాట అనుకుంటుంటేనే ఇది ఎవ్వల గొంతో నాకు తెలిసిపోయింది. కొత్త సమస్య తీసుకో, రెండు మూడేళ్లలో అయిపోతుంది. తెలిసినా నోరు తెరవలేదు. ముఖ్య అతిథి వచ్చిండని ఎవరో పిలిస్తే స్నిగ్ధ బ్యాడ్జిల డబ్బా నా ఒడిల పెట్టి, కొంచెం చూస్తుండండి మేడం అని ఉరికింది.

ఇగ అన్నీ గబగబ అయినయి. దీపం, శాలువా, జ్ఞాపిక. ముఖ్య అతిథి హృషికేశ్ గారు, ఇదే బీజగణితం మీద పని చేసిన పెద్దమనిషి, బెంగళూరు నుంచి వచ్చిండు, తక్కువ మాట్లాడిండు. సారు మాత్రం నలభై నిమిషాలు. గొంతు ఏం మారలేదు. షరతుల్లేని సత్యమే సత్యమని ఒక మాటన్నడు, చప్పట్లు కొట్టిన్రు. ఆ చప్పట్లు ఆగకముందే లేచి నిలబడ్డ. బ్యాడ్జిల డబ్బా కుర్చీల పెట్టిన. ప్రశ్న అడగొచ్చా అన్న. సారు పెద్దమనసుతోటి నవ్వి అడగమన్నడు. ఎవరో మైకిచ్చిన్రు.

"సార్, మీ సిద్ధాంతంల కేంద్ర సంఖ్య మైనస్ రెండు అయితే ముక్కలు విడిపోవు. ఉదాహరణ తెచ్చిన."

హాలుల గుసగుస. సారు నన్ను తేరిపార చూసిండు, గుర్తుపట్టలేదు. ఇది సత్కార సభ కదమ్మా, తర్వాత మాట్లాడుకుందాం అన్నడు. నేను వేదిక కాడికి నడిచి పదకొండు కాగితాలు హృషికేశ్ గారి చేతుల పెట్టిన. ఆయన మర్యాదకు మొదటి పేజీ చూసిండు. రెండోది తిప్పిండు. అద్దాలు తుడుచుకొని మూడోది చదివిండు. సభ నడిపేటాయన ఏదో పాట పెట్టమని సైగ చేస్తే హృషికేశ్ గారు వద్దని చెయ్యెత్తిండు. ఎంతసేపో తెల్వదు, హాలు హాలంతా ఒక మనిషి కాగితాలు తిప్పే చప్పుడు విన్నది. నేను మాత్రం సారునే చూసిన. కుర్చీ చేతి మీద వేలుతోటి తడుతున్నడు. తట్టుడు ఆగింది.

భూషణం గారూ, ఇది సరిగ్గానే ఉన్నట్టుంది, ఇక్కడ అవధి పనిచెయ్యదు అన్నడు హృషికేశ్ గారు, మెల్లగ. మైకుల పడింది.

సారు గొంతు సవరించుకున్నడు.

"నిజం చెప్పాలంటే ఆ లెక్క నేను చేసింది కాదండీ. అప్పట్లో నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, సూర్యకళ అని. ఆ సిద్ధాంతం, రుజువు, అంతా ఆవిడదే. నేను నమ్మి ప్రచురించాను. పిల్లల్ని నమ్మడం నా బలహీనత."

ఒక్కొక్క మాటా చెవులల్లకు తేనె లెక్క దిగింది. అంతా ఆవిడదే. పక్కన వీడియో తీసే కెమెరా ఎర్ర లైటు వెలుగుతున్నది. నేను నోటుబుక్కు తీసి, చిరిగిన అట్ట తెరిచి, ఆ శుక్రవారం పేజీ పట్టుకున్న.

"ఆ సూర్యకళను నేనే సార్. నేను రాసింది చదువుత. కేంద్ర సంఖ్య ఈ నాలుగింట్ల ఒకటి కానప్పుడు మాత్రమే. కింద మీ సంతకం, రెండువేల ఏడు ఆగస్టు పదిహేడు."

నోటుబుక్కు హృషికేశ్ గారి ముందర పెట్టిన. ఆయన సంతకం చూసి, సారును చూసి, చూపు దించుకున్నడు. అనంతలక్ష్మి గారు ముందు వరుస నుంచి లేచి నిలబడి, నన్ను గుర్తుపట్టి, మళ్ల కూసున్నది. శాలువా ఒక భుజం మీది నుంచి జారితే సారు సర్దుకోలేదు. చూసిన. తనివిదీరా చూసిన. కండ్లు ఆర్పితే తక్కువైతదేమోనని ఆర్పకుండ చూసిన. అయిపోయింది. మా నాయిన ఉంటే ఏమనేటోడోనని ఒక్క క్షణం అనిపించింది, దాన్ని ముందుకు పోనియ్యలేదు.

బయట మెట్ల కాడికొచ్చి గోడకు ఒరిగి నిలబడ్డ. కింద రింగ్‌రోడ్డు హారన్లు. మనసు ఎగురుతున్నది. వెనుక నుంచి స్నిగ్ధ వచ్చింది. చేతుల, హృషికేశ్ గారి కాడ ఉండిపోయిన నా పదకొండు కాగితాలు. ఆఖరి పేజీ మీద బొటనవేలు ఉన్నది, తేదీ కాడ.

"ఇది నాలుగేళ్ల కిందటిది మేడం."

అవునన్న. ఎందుకు అచ్చు వెయ్యలేదని అడిగింది. ఏం చెప్పాల్నో ఎతుకుతుంటే నిజమే నోట్లకొచ్చింది, ఆయన ముఖం చూడాలనుకున్న అని. ఆమె తల ఊపింది, క్లాసుల ఒక లైను అర్థమైనప్పుడు పిల్లలు ఊపినట్టు. ఏడ్వలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని, నాకు పని దొరికేది.

"పొద్దున నా పక్కన కూర్చున్నప్పుడు కూడా చెప్పలేదు."

సారు ఎదుట అనడానికి పద్దెనిమిదేండ్ల మాటలు కూడబెట్టుకున్న. ఈ పిల్లకు చెప్పుకోవడానికి ఒక్కటి లేదు. నాలుగో చాప్టరు పట్టుకరా బిడ్డా అన్న, షరతు పెట్టి మళ్ల చేద్దం, ఆ నాలుగు విలువలు కానికాడ నీ లెక్క నిలుస్తది, మైనస్ రెండు కాడ నిలవకపోయినా ఎట్ల నిలవదో అదే ఒక ఫలితం, నేను రోజూ వస్త, కూసొని చేద్దం. చెప్పుకుంట పోతున్న. ఆమె కాగితాల అంచులు మోకాలు మీద తట్టి సరిజేసి నా చేతికి తిరిగిచ్చింది.

"ఎవరి పేరు మీద మేడం?" అన్నది.

నీ పేరే అన్న. ఆమె నా చేతుల కాగితాల దిక్కు చూసింది. నమ్మలేదు. ఆమె జాగల నేనున్నా నమ్మకపోదును.